చెయ్యెత్తి చెప్పిన మాట

సంపాదకుడు గారికి,

నేనుండే ఊరు కెనడాలోని మిసిసాగా. అది ఇక్కడి మూలవాసుల పేరేనని వచ్చిన ఆరేళ్లకు గానీ నాకు తెలియలేదు. టొరంటో ప్రాంతంలో వాళ్ల నేల 2.5 లక్షల ఎకరాలను 1805లో బ్రిటిష్ వాళ్లు 10 షిల్లింగులకు రాయించుకున్నారు. పరిహారంగా 14.5 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది 2010లో!

మొన్న మన ఉగాది సభలో, ఇక్కడి సభల ఆనవాయితీ ప్రకారం "ఈ నేల మూలవాసులది" అని చదువుతున్న అమ్మాయి, ఆ జాతి పేరు పలకలేక ఆగిపోయింది. ముందు వరుసలో పెద్దలు ఫోన్లు చూసుకుంటున్నారు. పాపం, ఆ పిల్లకు ఎవరు నేర్పారు గనక?

"ఆ పాపం తెల్లవాళ్లది, మనకేంటి" అంటారు చాలామంది. ఇల్లు కొన్నది ఆ నేల మీదే కదా! పైగా 2021 నుంచి పౌరసత్వ ప్రమాణంలోనే మూలవాసుల హక్కులను, ఒప్పందాలను గుర్తించే రాజ్యాంగాన్ని పాటిస్తామన్న మాట ఉంది. చెయ్యెత్తి చెప్పిన మాట అది. మూలవాసులకు కేటాయించిన కొన్ని ప్రాంతాల్లో (రిజర్వుల్లో) ఇప్పటికీ కుళాయి నీళ్లు కాచుకోకుండా తాగలేరు. దాని గురించి మన ఎంపీని ఒక్కసారైనా అడిగామా?

సెప్టెంబర్ 30న, మూలవాసుల పిల్లల్ని ఇళ్ల నుంచి వేరుచేసి పెట్టిన రెసిడెన్షియల్ స్కూళ్లకు బలైన పిల్లల సంస్మరణకు, మన సంఘాలు పిల్లలతో సహా వెళ్లాలి. మైకు కోసం కాదు, వెనక కూర్చుని వినడానికి.

– ఒక పాఠకురాలు, మిసిసాగా