పాత లేత్ చూడ్డానికి వెళ్లేవాళ్లకి
పాత లేత్ (ఇనుప ముక్కని గిర్రున తిప్పుతూ కోసే మెషిన్) కొనేముందు ఏం చూడాలని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాస్తున్నా. కొత్తగా వేసిన పెయింట్ చూసి పడిపోకండి, ముందు బెడ్ చూడండి, అంటే మెషిన్ కింద ఉండే పొడుగాటి పట్టాలు. అరుగుదల ఎక్కువగా చక్ (ముక్కని పట్టుకుని తిప్పేది) దగ్గరే, రోజూ పని జరిగేది అక్కడే కదా. అక్కడ క్యారేజ్ (బెడ్ మీద జరిగే, కోసే పనిముట్టుని మోసే భాగం) లాక్ కొంచెం బిగించి, చేత్తో చక్రం తిప్పుతూ దాన్ని టెయిల్‌స్టాక్ (చక్‌కి ఎదురు చివర ఉండే ఆసరా) వైపు జరుపుకుంటూ పోండి. మధ్యలో పట్టేసిందా, బెడ్ అరిగినట్టే. నాది కొన్నప్పుడు ఇది చూడలేదు. ఇప్పటికీ పొడుగు షాఫ్ట్ తిప్పితే ఒక చివర లావు, ఇంకో చివర సన్నం.

క్రాస్ స్లైడ్ (పనిముట్టుని అడ్డంగా జరిపే భాగం) నట్టు లూజుగా ఉంటే బెంగ లేదు, మార్చుకోవచ్చు. ఛేంజ్ గేర్లు (మర కొలత మార్చడానికి వేసే గేర్లు), స్టెడీ (పొడుగు ముక్క వంగకుండా పట్టేది), నాలుగు దవడల చక్ మాత్రం మెషిన్‌తోనే రావాలి, తర్వాత వెతకాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. లీడ్ స్క్రూ (మరలు కోసేటప్పుడు క్యారేజ్‌ని నడిపే పొడుగు స్క్రూ) ఇంచీ కొలతది అయితే 127 పళ్ల గేరుందా అని అడగండి. మిల్లీమీటర్ మరలు కచ్చితంగా కొయ్యాలంటే అదే దిక్కు.