కందిగింజంత మచ్చకు బానెట్ మొత్తం పెయింటా?

ఎడిటర్ గారికి,

మాది విశాఖలో బీచ్ రోడ్డు దగ్గరి కాలనీ. నేను టీచర్‌ని. రోజూ ఆనందపురం మీదుగా తగరపువలస వైపు బడికి కారులో వెళ్లొస్తాను. ముందు కంకర టిప్పర్ ఉంటే ఎంత వెనక ఉన్నా టక్కుమని ఓ రాయి తగులుతూనే ఉంటుంది. అలా కిందటి నెల బానెట్ అంచున మూడు చోట్ల పెయింట్ లేచిపోయింది. అన్నిటికన్నా పెద్దది కందిగింజంత. వారం తిరక్కుండానే దాని చుట్టూ టీ మరకలాంటి తుప్పు కట్టింది. మా ఊళ్లో ఉప్పుగాలి సంగతి తెలిసిందే. పాత కారుకు ఇలాంటి మచ్చల్నే వదిలేస్తే తుప్పు పెయింట్ కిందకి పాకి, బానెట్ అంచంతా పొక్కులు లేచింది. అందుకే ఈసారి వెంటనే సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను.

"బానెట్ మొత్తం వేయాలి మేడం, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టేయండి" అన్నారు. ఐదేళ్లుగా ఒక్క క్లెయిమ్ కూడా లేదు కాబట్టి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మన కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగంలో) నాకు 50 శాతం తగ్గుతోంది. క్లెయిమ్ పెడితే ఆ తగ్గింపు పోతుందని వాళ్లు ఒక్క మాట చెప్పలేదు. చిన్న మచ్చలకు వేసుకునే టచప్ రంగు సీసా అడిగితే స్టాక్ లేదన్నారు.

కారు స్టిక్కర్ మీది కలర్ కోడ్ ఫొటో తీసి ఆటో పెయింట్ల షాపులో చూపిస్తే 100 మి.లీ. కలిపిచ్చారు. పెయింట్ గట్టిపడటానికి వేసే హార్డెనర్ ఎంత కలపాలో కూడా వాళ్లనే అడిగి రాయించుకున్నాను. ఆదివారం పొద్దున్నే నీడలో పెట్టి, కారు కడిగి ఆరనిచ్చి, అగ్గిపుల్ల కొనకు చుట్టిన వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం) తుప్పు వరకే గీకి, స్పిరిట్‌తో తుడిచాను. రేకు తేలిన చోట రంగు పట్టుకోవడానికి ముందుగా ఓ చుక్క ప్రైమర్. రంగు మాత్రం బ్రష్‌తో వద్దు, చుట్టూ అంటుకుంటుంది. మొదటి మచ్చ అలాగే పాడైతే తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాను. టూత్‌పిక్ కొనతో గుంటలో చుక్క దించితే అదే సర్దుకుంటుంది. గంటకొకటి చొప్పున మూడు పల్చటి పొరలు, చివర రంగులేని పైపూత, క్లియర్ కోట్. ఒకేసారి మందంగా వేస్తే లోపల ఆరక కుంగిపోతుంది. రెండు రోజులాగి 2000 నంబర్ వాటర్ పేపర్ తడిపి మెల్లగా రుద్ది, పాలిష్ పెట్టాను. ఇక్కడ చెయ్యి బరువైతే కష్టం. కంపెనీ పెయింట్ అన్ని పొరలూ కలిపినా మిల్లీమీటరులో పదో వంతు మందమే ఉంటుంది మరి.

దగ్గరగా వంగి చూస్తే మచ్చ తెలుస్తుంది, నిలబడి చూస్తే తెలియదు. నాకు కావాల్సింది తుప్పు ఆగడం, అది ఆగింది. సొట్టలు, పొడుగు గీతలైతే షాపుకే వెళ్లాలి, కాదనను. కానీ ఇంత చిన్నవాటికి ఇంట్లో చేసుకునే దారి ఉందని సర్వీస్ సెంటర్లే ముందు చెప్పాలి. కొత్త కారు తాళాలతో పాటు ఆ రంగు సీసా ఒకటి ఇవ్వడం కంపెనీలకు పెద్ద ఖర్చేం కాదు. పోలీసు అధికారులు కూడా ఆనందపురం జంక్షన్‌లో పొద్దున 7 నుంచి 9 దాకా నిలబడి, టార్పాలిన్ కప్పని కంకర టిప్పర్లను ఆపాలని కోరుతున్నాను.

– ఒక ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం