మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడూ ఈ నివేదికలో మురుగు కాలవలు, వీధి దీపాలు, చవితి పందిరి, చందాల లెక్క రాసి ముగిస్తాం. ఈసారి అవన్నీ చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే 2024 సెప్టెంబరు 1 ఆదివారం మన విజయవాడ సింగ్ నగర్‌లోకి బుడమేరు వాగు వరద వచ్చినప్పటి నుంచి ఈ మార్చి నెలాఖరు దాకా మన సంఘం ఎక్కువగా చేసిన పని వేరే ఉంది. నీళ్లు పోయాక మనుషుల్లో మిగిలిపోయిన దిగులు చూశాం, ఆ మనుషులకి తోడు ఉండటమే పనిగా పెట్టుకున్నాం. దానికి డిప్రెషన్ అని పేరు పెట్టడానికి మనలో చాలామందికి నోరు రాలేదు. నాకైతే అసలే రాలేదు.

వరద సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుంటే ఇటు బుడమేరుకి గండ్లు పడి మన మీదకి వచ్చింది, ఫ్లైఓవర్ దాకా పడవల్లో వెళ్లాం, ఆ వారంలోనే వచ్చిన వినాయక చవితికి పత్రి కాదు కదా పసుపు ముద్ద కూడా దొరకలేదు. పై అంతస్తుల వాళ్లు కింద వాళ్లని ఇళ్లలోకి తీసుకున్నారు, ఒక్కో గదిలో మూడేసి కుటుంబాలు పడుకున్నాయి. అప్పుడు ఎవరూ కుంగిపోలేదు, నిజం. నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి బురద కడిగాయి, కింద ఇళ్లకి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకి 10 వేలు పరిహారం ప్రకటించారు, పేర్లు రాని వాళ్ల కోసం మన కమిటీ వార్డు సచివాలయం చుట్టూ తిరిగింది. ఆ రెండు నెలలూ అందరికీ చేతినిండా పని. దీపావళి వెళ్లాక, సాయానికి వచ్చినవాళ్లంతా ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయాక, గోడల తడి కూడా ఆరాక, అప్పుడు మొదలైంది.

ముందు నా సంగతి చెప్తాను. మిగతావాళ్ల సంగతి వాళ్లది, ఎంత చెప్పమంటే అంతే చెప్తాను.

మా ఇల్లూ టైలరింగ్ షాపూ రెండూ కిందే. శ్రావణం పెళ్లిళ్లవీ, దసరాకని ముందే ఇచ్చినవీ కలిపి నా దగ్గర 43 బ్లౌజులు ఉన్నాయి. అందులో ఒక పెళ్లికూతురి మగ్గం వర్క్ బ్లౌజు ఒకటి, హుక్స్ కుట్టడమే మిగిలింది. నీళ్లు తీశాక షట్టర్ ఎత్తితే ఒక మెరూన్ చీర రంగు దిగి, ర్యాకులో దాని కింద ఉన్న వాటన్నిటికీ పట్టేసింది. ఒక్కొక్కటీ బురదలోంచి లాగి బకెట్లో జాడించి చూశాను, ఏదీ పనికొచ్చేలా లేదు. రెండు మిషన్ల మోటార్లూ పోయాయి, పోతే పోయాయి, అవి నావి. ఆ గుడ్డలు నావి కావు. పెళ్లికూతురి వాళ్లమ్మగారు వచ్చి, "పోనీలేమ్మా, మీరు ప్రాణాలతో ఉన్నారు, అది చాలు" అన్నారు. ఆవిడ నాలుగు తిట్టి వెళ్లినా బాగుండేదని నెలల తరబడి అనుకున్నాను.

నవంబరు వచ్చేసరికి తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేసేది, ఇక నిద్ర లేదు. టేపు మెడలో వేసుకుని గుడ్డ ముందు కూర్చుంటే ఛాతీ కొలతలో నాలుగో భాగం ఎంతో తేలేది కాదు, 18 ఏళ్లుగా రోజూ చేస్తున్న లెక్క అది. అన్నం సహించేది కాదు. పిల్లాడు పక్కన నిలబడి మాట్లాడుతున్నా బావిలోంచి వినపడుతున్నట్టు ఉండేది. ఏడుపు కూడా రాలేదు, నాకు అదే ఎక్కువ భయం వేసింది. ఇంట్లోవాళ్లు "డబ్బులు వచ్చాయి, మిషన్లు బాగయ్యాయి, ఇంకా దేనికి బాధ" అనేవారు, ప్రేమతోనే అనేవారు. ఆ మాటతో దిగులు పోకపోగా, దిగులు పడుతున్నందుకు సిగ్గు కూడా వచ్చి చేరింది.

మా వెనక వీధి వదిన రోజూ మధ్యాహ్నం చిన్న స్టీలు గిన్నెలో పప్పన్నం కలిపి తెచ్చేది. ధైర్యంగా ఉండమని చెప్పలేదు, దేవుడున్నాడనీ అనలేదు. గిన్నె నా పక్కన పెట్టి, తను తెచ్చుకున్న చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చునేది, తింటే తిన్నాను, లేకపోతే మూత పెట్టి పట్టుకెళ్లేది. పదో రోజు కాబోలు, "రేపు పొద్దున పెద్దాసుపత్రికి వెళ్తున్నాం, ఓపీ చీటీ నేను రాయిస్తాను, లైన్లో నేను నిలబడతాను, నువ్వు చెప్పులేసుకో చాలు" అంది. వెళ్లాలని నాకేమీ అనిపించలేదు. చెప్పులేసుకున్నాను, అంతే.

ఇదంతా ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, ఈ జబ్బులో అన్నిటికన్నా ముందు పోయేది సాయం అడిగే ఓపికే. "ఏదైనా కావాలంటే అడుగు" అని మనం మంచి మనసుతోనే అంటాం, కానీ అడగగలిగితే వాళ్లు అప్పటికే కాస్త తేరుకున్నట్టు. ఈ ఏడాది మన సంఘం నేర్చుకున్నది ఇదే, అడిగే దాకా ఆగకుండా మనమే వెళ్లాలి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తొమ్మిది ప్రశ్నల కాగితం తీసి, గత రెండు వారాల్లో ఇలా ఎన్ని రోజులు అనిపించింది అని ఒక్కొక్కటే అడిగారు. నిద్ర, ఆకలి, నీరసం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, చచ్చిపోతే బాగుండు అనిపించడం. థైరాయిడ్ పరీక్ష కూడా రాశారు, థైరాయిడ్ తక్కువైనా ఇలాగే ఉంటుందట (తర్వాత మన కాలనీలో ఒకావిడకి నిజంగా అదే తేలింది). మాత్రల గురించి ఆవిడ చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోండి. ఇవి నిద్రమాత్రలు కావు, అలవాటైపోయే మందులూ కావు. గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు కూడా పడుతుంది, కానీ వికారం లాంటివి మొదటి వారమే వస్తాయి, అందుకే చాలామంది అక్కడే మానేస్తారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, మానేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. బాగానే ఉన్నాను కదా అని ఫిబ్రవరిలో ఒక చెల్లెలు ఒక్కసారిగా ఆపేసి రెండు వారాలకే మళ్లీ మంచం పట్టింది. తన పేరు లేకుండా ఈ మాట రాయమని తనే చెప్పింది.

నాకు నాలుగో వారంలో ఒక సాయంత్రం టీ తాగుతూ చక్కెర తక్కువైందని అనిపించింది. రెండు నెలల్లో నాలుక మీద ఏదైనా రుచి తెలియడం అదే మొదటిసారి. వదినకి ఫోన్ చేసి ఆ ఒక్క మాటే చెప్పాను. అటు నుంచి కాసేపు మాట రాలేదు, తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

ఇక సంఘం చేసినవి. డిసెంబరులో మొదటి ప్రయత్నం పూర్తిగా దెబ్బతింది. పెద్ద ఫ్లెక్సీ కట్టి అవగాహన సదస్సు పెట్టాం, గుంటూరు నుంచి ఒక డాక్టరుగారు ఫీజు తీసుకోకుండా వచ్చారు, చాలా బాగా మాట్లాడారు. కుర్చీల్లో ఉన్నది కమిటీ వాళ్లమే. ఆ ఫ్లెక్సీ కింద నుంచి లోపలికి నడవడమంటే వీధి మొత్తానికి చెప్పుకోవడమే కదా, ఆ మాత్రం మాకు ముందే తట్టాల్సింది.

ఆ తర్వాత ఫ్లెక్సీ తీసేసి, సంఘం మేడ మీద హాల్లో గురువారం సాయంత్రాలు హుక్స్ కుట్టడానికి రమ్మన్నాం. నిజంగానే హుక్స్, కాజాలు, చీరలకి ఫాల్స్. పని నేను ఇస్తాను, ముక్కకి ఇంత అని డబ్బులు కూడా ఇస్తాను. మొదటి వారం ఐదుగురు వచ్చారు, సంక్రాంతి నాటికి పధ్నాలుగు మంది. తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తూ మాట్లాడటం తేలిక, ఎవరి మొహం ఎవరూ చూడక్కర్లేదు. మూడో వారం ఒక పెద్దావిడ కాజా కుడుతూనే, "వాన చప్పుడు వింటే గుండె దడదడలాడుతోంది, రాత్రుళ్లు మంచం దిగి నేల తడిమి చూస్తున్నాను" అంది. ఇంకో ఇద్దరు సూదులు ఆపి "నేనూ అంతే" అన్నారు. ఆ ముగ్గురూ తర్వాతి మంగళవారం ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్లారు.

మగవాళ్లు హాలుకి రాలేదు. ఆటోలు మునిగి, ఇంజను పనికి అప్పు చేసి, కిస్తీలు కట్టలేక రాత్రి పొద్దుపోయే దాకా సెంటర్లోనే కూర్చుండిపోయేవాళ్లు, కొందరికి మందు ఎక్కువైంది. ఆర్టీసీలో చేసి రిటైరైన బాబాయి ఒకాయన పొద్దున ఐదున్నరకి ఒక్కొక్కరి ఇంటి ముందూ నిలబడి పిలిచి నున్న ఊరికి వెళ్లే రోడ్డు మీద నడకకి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. తిరిగి వచ్చాక ఇడ్లీ ఆయనే పెట్టిస్తారు. ఆయన పుణ్యాన ఏడుగురు నడుస్తున్నారు, నలుగురు డాక్టరుని చూశారు.

సంక్రాంతి వెళ్లిన వారం ఒక తమ్ముడు తన వస్తువులు స్నేహితులకి పంచేస్తున్నాడని బాబాయికి తెలిసింది. ఆయన తిప్పి తిప్పి అడగలేదు, పక్కన కూర్చుని "చచ్చిపోవాలని ఉందా నాన్నా" అనే అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనకి భయం, కానీ పుట్టదు, అడిగినందుకు ఆ పిల్లాడు భోరుమని ఏడ్చాడు. 14416కి ఫోన్ చేశాం. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, 24 గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఆ రాత్రి ముగ్గురం వంతులు వేసుకుని అతనితోనే ఉన్నాం, పొద్దున్నే ఆసుపత్రిలో చేర్చాం. పోలీసు కేసు అవుతుందని వాళ్ల నాన్నగారు వణికిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నం చేసిన మనిషినైనా, వేరేలా రుజువైతే తప్ప, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. ఇక్కడైతే ఆలోచన దగ్గరే పట్టుకున్నాం. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు ఇంకోటి తెలుసుకోండి, ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బుల వైద్యానికీ బీమా ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. ఆ తమ్ముడు ఇప్పుడు పనికి వెళ్తున్నాడు, మందులు వాడుతున్నాడు. బాగా లేని రోజులు ఇంకా వస్తున్నాయి, వచ్చిన రోజు బాబాయికి తనే ఫోన్ చేస్తున్నాడు.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. ఎవరు ఏ ఆసుపత్రికి వెళ్లారో మన కమిటీలోనే ఒకరు, మంచికే అనుకుని, కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ఆ కుటుంబం అప్పటి నుంచి మనతో మాట్లాడటం లేదు. ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం, తలుపు తీయలేదు, వాళ్ల కోపం న్యాయమే. ఇకమీదట పేర్లు తోడు వెళ్లినవాళ్లకి తప్ప కమిటీలో కూడా ఎవరికీ చెప్పకూడదని తీర్మానం రాశాం.

దిష్టి తీయిస్తాం, అమ్మవారి కొండకి వెళ్తాం అనే ఇళ్లతో మేం వాదించలేదు. కొండకీ తోడు వెళ్లాం, వస్తూ దారిలో మాత్రలు వేసుకున్నారా అని అడిగాం.

మిగతా పనులు: ఆరు వీధి దీపాలు మార్చాం, రెండు వీధుల్లో మురుగు కాలవల పూడిక తీయించాం, మూడో వీధి అర్జీ ఇంకా పెండింగ్‌లోనే ఉంది. చందాలు రూ. 1,12,400 వచ్చాయి, ఖర్చు రూ. 96,750. అందులో ఆసుపత్రికి ఆటోలు, పరీక్షలు, మందులకి అయినది రూ. 14,300. బిల్లులు హాల్లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు, మందుల బిల్లుల మీద మాత్రం పేర్లు కొట్టేశాం.

వచ్చే ఏడాదికి మీ ఆమోదం కోరుతున్నది ఒక్కటే. జూన్ నుంచి వానలు మొదలవుతాయి, ఆగస్టు నెలాఖరు వచ్చేసరికి చాలా ఇళ్లలో మళ్లీ నిద్రలు ఉండవు, నాకూ ఉండకపోవచ్చు. వీధికి ఇద్దరు చొప్పున తోడు వెళ్లేవాళ్లు కావాలి, పేరు ఇచ్చేవాళ్లు వదినకి చెప్పండి. గట్టి వాన పడ్డ రాత్రి మేడ మీద హాల్లో లైటు వేసి ఉంచుతాం, చాపలు, ఫ్లాస్కులో టీ ఉంటాయి, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఏమీ మాట్లాడక్కర్లేదు. తాళం చెవి ఒకటి మా ఇంట్లో, ఒకటి బాబాయి దగ్గర ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి