తల్లిదండ్రులకు హెడ్‌మాస్టర్ లేఖ: సాయంత్రం గ్రౌండ్ సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎఫ్‌ఏ-1 మార్కుల మీద సంతకాలు, బస్సు ఫీజు ఈ శనివారంలోగా కానివ్వండి. ఇక అసలు విషయం.

వారం రోజులుగా నాకు ఒకటే ఫోన్లు: "సార్, ఆస్పత్రి నుంచి వచ్చిన ఆ ఇంటర్ పిల్లోణ్ణి మా పిల్లలతో ఆడిస్తున్నారంట?" అవును, ఆడిస్తున్నాం. డాక్టరు సరేనన్నాకే. ఈ నాలుగు మాటలు కూడా ఆ పిల్లవాణ్ణీ, వాళ్ల అమ్మానాన్ననూ అడిగే రాస్తున్నాను.

అతనిది సైకోసిస్ అనే మానసిక జబ్బు, తొలిదశ. ఎవరూ లేకున్నా గొంతులు వినపడతాయి, అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారనిపిస్తుంది. ఎక్కువమందికి ఇంటర్, డిగ్రీ వయసులోనే మొదలవుతుంది. అంటుకునేది కాదు, గాలి సోకడమూ కాదు. మందులు పనిచేస్తాయి. కాకపోతే కొన్నిటితో మగత, విపరీతమైన ఆకలి, ఒళ్లు రావడం. తర్వాత షుగరు, గుండె జబ్బుల భయం. అందుకే ఆట. మందు మానేసి ఆడమని కాదు, మందుతో పాటు.

"లేచి నడవరా సోమరిపోతా" అంటే ఈ పిల్లలు లేవరు. అది బద్ధకం కాదు, జబ్బులో భాగం. పక్కన ఒక మనిషి నడవాలి. మొదటిరోజు అతని బూటు లేసు ఊడితే కట్టుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. మన పీఈటీ సారు ఒక్క మాట అనకుండా నిలబడ్డారు. ఆరోజు ఒకటే రౌండు. ఇప్పుడు ఆరు. ఇక మన పదో తరగతి ఖోఖో అమ్మాయిలు! "అన్నా, స్కోరు నువ్వు రాయి" అని నోటుబుక్కు చేతిలో పెట్టారు. మూడో వారం తనే "నేనూ కూర్చుంటా" అని వరసలో కూర్చున్నాడు. వీళ్లు తెచ్చిన కప్పులన్నీ నా బీరువాలో ఉన్నాయి, అయినా ఆరోజు పొంగినంతగా నేనెప్పుడూ పొంగలేదు. ఆ మందుల్లో కొన్నిటితో ఒళ్లు వేడికి తట్టుకోదు, మన అనంతపురం ఎండ సంగతి తెలిసిందే. అందుకే ఐదున్నర తర్వాతే ఆట, నీళ్ల బాటిల్ తప్పనిసరి.

పీఈటీ పీరియడ్ మ్యాథ్స్‌కు ఇమ్మని అర్జీ పెట్టిన పెద్దలకు ఒక దండం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇల్లు వీధి చివరే ఉన్నా గేటు దాకా బండి మీద దించుతున్నారు. రాత్రి పన్నెండు దాకా ఫోను. "చెప్తే వినడు సార్" అంటారు, ఫోను కొనిచ్చింది మాత్రం నేను కాదు కదా. మొన్న ఏడో తరగతి పిల్లవాడొకడు ఆ ఇంటర్ అబ్బాయిని "పిచ్చోడు" అన్నాడు. ఆ మాట మా క్లాసులో నేర్పలేదు.

మీ ఇంట్లో పిల్లలు గది తలుపు వేసుకుని, నిద్ర మాని, ఒంటరిగా తమతో తామే మాట్లాడుకుంటుంటే తాయెత్తుల కోసం నెలలు పోగొట్టకండి. టెలీ మానస్, అంటే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, 14416కి ఫోన్ చేయండి. ఏ వేళైనా తీస్తారు, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పేరెంట్స్ మీటింగ్ రెండో శనివారం 4 గంటలకు. అయ్యాక గ్రౌండులో ఉంటాం, బూట్లు వేసుకొస్తే మాతో రెండు రౌండ్లు నడవొచ్చు. బండ్లు మాత్రం గేటు బయటే.

మీ హెడ్‌మాస్టర్