తుఫానుకి పోయిన మా మెట్లు మళ్ళీ నిలబెట్టిన వాళ్ళందరికీ

ఈ నాలుగు మాటలు రాయడానికి మూడు వారాలు పట్టింది, ఏమనుకోకండి. కరెంటు, ఇన్సూరెన్స్ ఫోన్లు, అమ్మానాన్నల తిరుగు ప్రయాణం... ఇవాళే కాస్త తీరిక దొరికింది.

మేముండేది టెక్సస్‌లోని గాల్వెస్టన్ దీవిలో, పడమటి చివర. ఊరికి పది మైళ్ళ సముద్రపు గోడ ఉంది కానీ అది మా దాకా రాదు. అందుకే మా వైపు ఇళ్ళన్నీ కర్ర స్తంభాల మీదే ఉంటాయి. మా ఇల్లు నేలకి 14 అడుగుల ఎత్తున ఉంది. ఏసీ, కరెంటు మీటరు కూడా పైనే. కింద కార్లు, ఒక చిన్న సామాన్ల గది, అంతే. గాలి గట్టిగా వీస్తే ఇల్లు సన్నగా ఊగుతుంది, గ్లాసులో నీళ్ళు కదులుతాయి.

మేలో వచ్చిన నాన్న కారు దిగి, తలెత్తి చూసి, "మన తుఫాను షెల్టర్‌లా ఉందే!" అన్నారు. ఆయనది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చిన రాత్రి బడి డాబా మీద గడిపిన మనిషి. కాబట్టి అది మెచ్చుకోలే. మోకాళ్ళ నొప్పుల అమ్మ మాత్రం మెట్లు లెక్కపెట్టింది. "22!" అని నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ చూపుకి భయపడే, కింద అమ్మకో గది కట్టిద్దామనుకున్నాం. ఒక కాంట్రాక్టరు "దానిదేముంది, బాత్రూంతో సహా రెండు వారాలు" అన్నాడు. ఆపింది ఎదురింటి పెద్దాయన. మా దగ్గర కింద మనుషులుండే గది కట్టడానికి రూల్సు ఒప్పుకోవు. సామాన్ల గది గోడలు కూడా అల తగలగానే ఊడిపోయేలా పల్చగానే ఉండాలి. గట్టి గోడ కడితే నీళ్ళ తాకిడంతా స్తంభాల మీద పడుతుంది. 2008లో ఐక్ తుఫానుకి దీవికి తూర్పున ఉన్న బొలీవర్ వైపు ఇళ్ళకి ఇళ్ళే కొట్టుకుపోవడం చూసిన మనిషి, ఊరికే చెప్పలేదు.

జూన్‌లో ఆ పెద్దాయనే సుత్తి పట్టుకుని మా ఇంటి కిందకొచ్చి ఒక్కో బోల్టూ తట్టి చూశారు. ఉప్పు గాలికి తుప్పుపట్టిన పదకొండు బోల్టులు తానే మార్చారు. పక్కన నాన్న స్పానర్లు అందిస్తూ కూర్చున్నారు. పెద్దాయన 1900 నాటి తుఫాను తర్వాత ఇక్కడ ఇళ్ళని జాకీలతో ఎత్తి కింద ఇసుక నింపిన సంగతి చెబితే, నాన్న మా కృష్ణా జిల్లాలో ఇప్పటికీ ఇళ్ళు జాకీలతో లేపుతున్నారని చెప్పారు. మధ్యలో దుబాసీని నేను. చివర్లో పెద్దాయన "మెట్ల బోల్టులు వచ్చే వారం చూద్దాం" అన్నారు.

వచ్చే వారం బెరిల్ తుఫాను వచ్చింది.

మెక్సికో వైపు అనుకున్నది మా వైపు తిరిగింది. జులై 7 మధ్యాహ్నం హ్యూస్టన్ దగ్గర కేటీ అనే ఊళ్ళో ఉన్న అక్కావాళ్ళింటికి బయల్దేరాం (సొంత అక్క కాదు, అంతకన్నా ఎక్కువ). 8వ తేదీ తెల్లవారుజామున మటగోర్డా దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, వాళ్ళింటికీ పోయింది. మూడు కుటుంబాలు, పదకొండు మందిమి, ఒక చిన్న జనరేటరు. అక్కా, బావగారూ, మీ పిల్లల గదిలో ఫ్యాను ఆపి మరీ నాన్న ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్‌కి కరెంటు ఇచ్చారు. ఆ ఎండల్లో అదెంత కష్టమో అక్కడున్నవాళ్ళకే తెలుసు.

బుధవారం తిరిగొచ్చాం. ఇల్లు చెక్కుచెదరలేదు. సామాన్ల గది గోడలు పద్ధతిగా ఊడిపోయాయి, వాటితోపాటు అమ్మావాళ్ళ ఖాళీ సూట్‌కేసులూ పోయాయి. మెట్లు సగం నుంచి కిందకి లేవు. పెద్దాయన చూడకుండా మిగిలిన ఆ బోల్టులే తెగాయి. నాన్న "తాళంచెవి ఉంది, గుమ్మమే అందట్లేదు" అన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

నేను వాట్సాప్‌లో ఒక్క ఫోటో పెట్టాను. మర్నాడు పొద్దున్నే హ్యూస్టన్ నుంచి ముగ్గురు తెలుగు కుర్రాళ్ళు పికప్ ట్రక్కులో కలప వేసుకుని దిగారు. పక్క వీధి చర్చి నుంచి నలుగురు వచ్చారు. వడ్రంగిని ఎవరు పిలిచారో ఇప్పటికీ తెలీదు. స్పానిష్ తప్ప మాట్లాడని మనిషి, రెండు రోజులు చెమటలు కక్కుతూ పనిచేసి కూలి తీసుకోలేదు. అమ్మ చేసిన పులిహోర మాత్రం తీసుకున్నాడు, మిరపకాయలతో సహా తిన్నాడు.

అమ్మ కారు దిగడానికి పడే అవస్థ చూశాడు కాబోలు, ఎవరూ అడక్కుండానే మెట్ల ఎత్తు తగ్గించి కట్టాడు. పట్టుకునే కమ్మీ రెండు వైపులా పెట్టాడు. ఇప్పుడు మెట్లు 26. అమ్మ లెక్కపెట్టి "నాలుగు పెరిగాయే" అని గొణిగింది, కానీ మధ్యలో ఎక్కడా ఆగకుండా ఎక్కింది.

మీ అందరికీ మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. పెద్దాయన ఈ శనివారం కొత్త బోల్టులు బిగించి చూడటానికి వస్తున్నారు, వీలైన వాళ్ళు భోజనానికి రండి. ఆ నీలం నిచ్చెన ఎవరిదో చెప్పండి, కింద స్తంభానికి కట్టి ఉంచాను.