టెన్షన్ పడే పిల్లలు పైలట్లు కాలేరా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పైలట్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారు శ్రద్ధగానే రాశారు. కానీ 'ఉక్కు నరాలు', 'పుట్టుకతో వచ్చిన తెగువ' అనే మాటలు నాలుగైదు చోట్ల కనిపించాయి. మామూలుగా అయితే చదివి పక్కన పెట్టేవాణ్ణి. మంగళవారం ఒక ఫోన్ వచ్చింది. తెలిసినవాళ్ల దగ్గర నా నంబరు తీసుకుని ఒక తల్లి చేశారు. "మా అబ్బాయికి పరీక్షలంటేనే చేతులు చెమట పడతాయండీ. పైలట్ కోర్సులో చేరతానంటున్నాడు. పేపర్లో చదివిన దగ్గర్నుంచీ నాకు భయంగా ఉంది. ఇలాంటివాడు పనికొస్తాడా?" అని అడిగారు. ఆవిడకు ఫోన్‌లో చెప్పిన జవాబునే కాస్త వివరంగా మీకు రాస్తున్నాను.

నేను 19 ఏళ్లు ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాను. చెవి సమస్య వచ్చాక విమానం వదిలేసి ఇప్పుడు గ్రౌండ్ క్లాసులు, అంటే నేల మీద చెప్పే పాఠాలు మాత్రం చెబుతున్నాను. ఇన్నేళ్లలో చేతులు చెమట పట్టని విద్యార్థి నాకు తగల్లేదు. తగిలాడనుకున్న ఇద్దరు ముగ్గురు ఆ చెమటను ఎవరూ చూడకుండా ప్యాంటుకు తుడుచుకోవడంలో నేర్పరులు, అంతే.

మీ వ్యాసంలో 2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దిగిన విమానం ప్రస్తావన ఉంది. పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ చచ్చుబడ్డాక కెప్టెన్ సలెన్‌బర్గర్‌కీ, కోపైలట్ స్కైల్స్‌కీ మిగిలింది సుమారు మూడున్నర నిమిషాలు. 155 మందీ బతికారు. అందరూ నది మీద దిగడం గురించే చెబుతారు. మా క్లాసులో నేను చెప్పేది దానికి ముందు జరిగిన రెండు చిన్న పనుల గురించి. ఒకటి, ఆ సమయానికి విమానం నడుపుతున్నది కోపైలట్. కెప్టెన్ 'నా విమానం' అన్నారు, ఆయన 'మీ విమానం' అని అప్పగించారు. ఎవరి చేతిలో ఏముందన్న గందరగోళం అక్కడితో తీరిపోయింది. రెండోది, కెప్టెన్ వెంటనే తోక భాగంలో ఉండే ఏపీయూ అనే సహాయక ఇంజిన్‌ను ఆన్ చేశారు. ఇంజిన్లు ఆగితే చేయాల్సిన పనుల చెక్‌లిస్టు వరుస ప్రకారం దాని వంతు చాలా ఆలస్యంగా వస్తుంది. అసలు ఆ చెక్‌లిస్టు తయారుచేసిందే చాలా ఎత్తులో ఇంజిన్లు ఆగిపోయినప్పటి కోసం. వీళ్లు ఉన్నదేమో మూడు వేల అడుగుల లోపు. విమానానికి కరెంటు పోకూడదని ఆయనకు ఆ క్షణంలో తట్టింది. ఈ రెండు పనుల్లో తెగువ ఎక్కడుంది చెప్పండి? వందల సార్లు చేసి, ఆలోచించి, ఒంటికి పట్టించుకున్న అలవాటు ఉంది.

అదే ఏడాది జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం కూలి 228 మంది పోయారు. వేగం కొలిచే గొట్టాల్లో మంచు పేరుకుంది, ఆటోపైలట్ తప్పుకుంది. వేగం అంకెలు తప్పుగా కనిపించింది దాదాపు ఒక నిమిషమే. ఆ నిమిషంలో విమానం ముక్కు పైకి లాగారు, స్టాల్ అయింది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోయాయి. సుమారు మూడున్నర నిమిషాలు కిందికి పడిపోతున్నా ఏం జరుగుతోందో వాళ్లకు అందలేదు. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లు పిరికివాళ్లు కారు, అర్హతలు లేనివాళ్లూ కారు. అంత ఎత్తులో, వేగం అంకెలు నమ్మలేని స్థితిలో విమానాన్ని చేత్తో నడపడం కోపైలట్లిద్దరికీ శిక్షణలో నేర్పలేదని దర్యాప్తు తేల్చింది. ఉక్కు నరాల లెక్కలో చూస్తే ఈ సంఘటన అర్థమే కాదు.

శిక్షణలో ఉన్న లోపం మాలాంటి చిన్న విమానాల వాళ్లకూ కొత్త కాదు. ఎగురుతుండగా ఉన్నట్టుండి థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే మీట) వెనక్కి లాగి 'ఇంజిన్ పోయింది, ఏం చేస్తావ్?' అనడం మా పాత పద్ధతి. నేనూ ఏళ్ల తరబడి అలాగే లాగాను. ఒకరోజు లాగిన మరుక్షణమే ఒక అమ్మాయి ఎడమవైపు ఉన్న మైదానం వైపు తిప్పేసింది. భేష్ అన్నాను. "మీరు ఎప్పుడూ ఇక్కడే లాగుతారు సార్, అందుకే ఇటు వచ్చేటప్పుడే చూసి పెట్టుకుంటాం" అంది నవ్వుతూ. అంటే నా బ్యాచ్‌లన్నీ నేర్చుకున్నది ఇంజిన్ పోతే ఏం చేయాలో కాదు, సార్ థ్రాటిల్ ఎక్కడ లాగుతారో! ఆ తర్వాత చోటు మార్చాను, ఎత్తు మార్చాను, రేడియోలో మాట్లాడుతుండగా లాగాను, మ్యాప్ మడతపెడుతుండగా లాగాను. మొదటి వారం పిల్లలందరూ ఘోరంగా చేశారు. గుండె దడదడలాడుతుండగానే ముక్కు దించి గ్లైడ్ వేగం, అంటే ఇంజిన్ లేకుండా తేలుతూ దిగే వేగం పట్టుకోవడం, ఆ తర్వాతే దిగే చోటు వెతకడం, అన్నిటికన్నా చివర రేడియో అందుకోవడం వాళ్లకు మూడో వారానికి అలవాటైంది. దడ మాత్రం తగ్గలేదట. అడిగి తెలుసుకున్నాను.

నా సొంత తప్పు ఇంకొకటి చెప్పాలి. ఒక కుర్రాడు 22 గంటల ఫ్లయింగ్ దగ్గర ముందుకు సాగలేక ఆగిపోయాడు. దిగడానికి రన్‌వే వైపు వచ్చే అప్రోచ్ ముచ్చటగా చేసేవాడు. సెస్నా 172 అనే చిన్న విమానంలో 65 నాట్ల వేగం, ముక్కు సెంటర్‌లైన్ మీద. నేల ఇంకో 15 అడుగులుందనగా చూపు దగ్గరికి తెచ్చుకుని ముక్కు ముందున్న తారు వైపు చూసేవాడు. అలా చూస్తే నేల మీదికి దూసుకొస్తున్నట్టే ఉంటుంది. యోక్ (ముక్కును ఎత్తే, దించే చేతి పిడి) గబుక్కున లాగేవాడు, విమానం మళ్లీ పైకి లేచేది, వేగం పడిపోయేది, నేను అందుకునేవాణ్ణి. రన్‌వే చివర చూడమని ముందు చెప్పాను, తర్వాత అరిచాను. అరిచిన రోజున వాడు రెండు రేడియో కాల్స్ కూడా మర్చిపోయాడు.

ఒక సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ను బతిమాలి వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాను. ఎగిరి చుట్టూ తిరిగి దిగే సర్క్యూట్లు మూడు చూశారు. దిగాక వాణ్ణి పంపించేసి నాతో అన్నారు: "వాడు ల్యాండ్ చేయడం లేదయ్యా, నువ్వు చేస్తున్నావు. వాడికంటే ముందు నీ పాదాలు కదులుతున్నాయి." ఆ విమానంలో ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ పెడల్స్ రెండు వైపులవీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. నేను ఇటు నొక్కితే వాడి కాలి కింద తెలుస్తుంది. నెల రోజులుగా నేను వాడికి నేర్పింది చివర్లో సార్ చూసుకుంటారన్న భరోసా ఒక్కటే!

మర్నాడు "ఈరోజు దిగేది లేదు, రన్‌వే పొడవునా పది అడుగుల ఎత్తులో ఎగిరి వెళ్లిపోదాం" అన్నాను. దిగాలన్న భారం పోయేసరికి వాడి భుజాలు సడలాయి, తల లేచింది, చూపు దానంతటదే దూరానికి వెళ్లింది. అలా ఐదుసార్లు తిరిగాం. ఆరోసారి "దిగనా సార్?" అని వాడే అడిగాడు. ఎంత వరకు ఊరుకోవాలో ముందే మనసులో ఒక గీత గీసుకున్నాను. వేగం ఇంతకు పడినా, ముక్కు ఇంతకు లేచినా గో అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేచిపోవడం. అంతవరకూ నోరు తెరవను, కాలు కదపను. చక్రాలు ఒకసారి తగిలి లేచి మళ్లీ తగిలాయి. అంత అందమైన ల్యాండింగేమీ కాదు. పార్కింగ్‌లో ఆగాక చూసుకుంటే నా ప్యాంటు మోకాళ్ల దగ్గర రెండు అరచేతుల తడి ముద్రలున్నాయి.

ఇక 'అర్థమైందా?' అనే ప్రశ్న. దానికి మా పిల్లల దగ్గర ఒకటే జవాబు, 'అర్థమైంది సార్'. అర్థం కాకపోయినా అదే. పెద్దవాడి మాటకు అడ్డు చెప్పకపోవడం మర్యాద అనుకుంటారు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనరీఫ్ దీవిలో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచులో టేకాఫ్ మొదలుపెట్టిన నెదర్లాండ్స్ విమాన సంస్థ కేఎల్ఎం కెప్టెన్ ఆ సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్దమనిషి. ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేసిందో లేదోనని ఫ్లైట్ ఇంజినీర్ అనుమానంగా అడిగాడు. చేసిందని కెప్టెన్ గట్టిగా అన్నాక ఇక ఎవరూ ఆపలేదు. ఇది తెలిసినప్పటి నుంచి 'అర్థమైందా' అనడం మానేసి, 'ఇప్పుడు నేను చేసిన దాంట్లో తప్పేంటో చెప్పు' అంటున్నాను. అప్పుడప్పుడూ కావాలనే తప్పు చేసి చూపిస్తాను. కావాలని చేయనివి కూడా పట్టుకుంటున్నారు, అది వేరే సంగతి.

ఇన్‌స్ట్రక్టర్ల గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు కాబట్టి ఒక పేరు చెబుతాను. 1985లో జపాన్‌లో ఒక జంబో జెట్ హైడ్రాలిక్స్ (కంట్రోల్స్‌ను కదిలించే ద్రవ పీడన వ్యవస్థ) అన్నీ పోయి కూలింది, 520 మంది మరణించారు. డీసీ-10 విమానాల మీద శిక్షణ ఇచ్చే డెన్నీ ఫిచ్ ఆ ప్రమాదం గురించి చదివి ఊరుకోలేదు. కంట్రోల్స్ ఏవీ పనిచేయకపోతే ఒక్క థ్రాటిల్స్‌తో విమానాన్ని తిప్పగలమా అని సిమ్యులేటర్‌లో సాధన చేశారు. 1989 జులై 19న యునైటెడ్ 232 అనే డీసీ-10 విమానంలో ఆయన మామూలు ప్రయాణికుడు. ఆ విమానానికి సరిగ్గా అదే జరిగింది. సాయం చేస్తానని కబురు పంపితే కెప్టెన్ హేన్స్ లోపలికి రమ్మన్నారు. ఫిచ్ రెండు చేతులతో థ్రాటిల్స్ పట్టుకుని, కాక్‌పిట్‌లోని మిగతా ముగ్గురితో కలిసి అమెరికాలోని సూ సిటీ రన్‌వే దాకా తెచ్చారు. దిగేటప్పుడు విమానం ముక్కలైంది. అయినా 296 మందిలో 184 మంది బతికారు. ఆయన చదివి వదిలేసి ఉంటేనో, 'ఇది నా కాక్‌పిట్' అని కెప్టెన్ అని ఉంటేనో ఏమయ్యేదో ఊహించుకోండి.

మరొక్క మాట. 'ఉక్కు నరాలు' అని రాసి రాసి మనం పైలట్ల నోరు కూడా కట్టేస్తున్నాం. రాత్రి నిద్ర పట్టలేదనో, ఇంట్లో గొడవలతో మనసు బాగోలేదనో చెబితే మెడికల్ (ఎగరడానికి కావాల్సిన వైద్య ధ్రువపత్రం) పోతుందేమోనని దాచుకునేవాళ్లు నాకు తెలుసు. ఒక ఏడాది నేనూ దాచుకున్నాను. నాన్న పోయిన పన్నెండో రోజు విమానం ఎక్కి, ఫ్యూయల్ చూడటం మర్చిపోయాను. నా విద్యార్థి గుర్తుచేశాడు. అప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజునే ఈ సంగతి చెబుతున్నాను. చెప్పిన వారంలోపే ఎవరో ఒకరు వచ్చి 'ఈరోజు నేను ఎగరను సార్, ఒంట్లో బాగోలేదు' అంటారు. వాళ్ల మీద నాకు గురి కుదిరేది అప్పుడే.

ఫోన్ చేసిన ఆవిడ అబ్బాయి నిన్న గ్రౌండ్ క్లాసుకు వచ్చాడు. వెనక బెంచీలో కూర్చుని, చేతులు బెంచీ కిందే పెట్టుకుని మూడు ప్రశ్నలు అడిగాడు. రెండింటికి నేను పుస్తకం తీసి చూడాల్సి వచ్చింది.

ఇట్లు,
ఒక మాజీ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్