కిలోమీటర్లు కాదండీ, గంటలు రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో వేసవిలో బైక్ మీద ఘాట్ రోడ్లు అని ఒక పేజీ వేశారు కదా, ఫోటోలు మాత్రం అదిరిపోయాయి, మా ఆవిడ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది కూడా. కానీ ఒక్క మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. వైజాగ్ నుంచి అరకు 115 కి.మీ., అరకు నుంచి పాడేరు 45 కి.మీ. అని రాసుకుంటూ పోయారు, ఎంత టైం పడుతుందో ఎక్కడా లేదు. అది చదివిన కుర్రాళ్ళు ఏం చేస్తారంటే ఆ 115ని అరవైతో భాగించేసి, రెండు గంటల్లో అరకులో ఇడ్లీ తింటాం అని లెక్కేసుకుంటారు.

ఊరికే అనట్లేదండి, మా బామ్మర్ది సరిగ్గా అదే చేశాడు. వాడు బెంగళూరులో ఉద్యోగం, మే నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టాడు, బావా మనిద్దరం రెండు బళ్ళ మీద వెళ్దాం అని ఎక్సెల్ షీట్ పంపాడు. మొదటి రోజే వైజాగ్, బొర్రా గుహలు, అరకు, పాడేరు, లంబసింగి, రాత్రికి నర్సీపట్నం! మధ్యలో "సన్‌సెట్ పాయింట్ - 15 నిమిషాలు" అని ఒక గడి కూడా ఉంది. ఒరే, ఘాట్‌లో సగటున గంటకి పాతిక ముప్పై నడిస్తే గొప్ప, ఎదురుగా లారీ ఆగిపోతే అదీ లేదు అని చెప్తే, మీ బండి పాతది కాబట్టి బావా అంటాడు. నా బండిని అంటే నాకు మండుద్ది, అది వేరే విషయం.

నేను ఉండేది అనకాపల్లి. ఆ కొండలెక్కి దిగడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నా. మా లెక్క ఇలా ఉంటుంది. వైజాగ్‌లో తెల్లారి అయిదుకి బయల్దేరితే పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట చేరేసరికి ఆరున్నర. అక్కడ ట్యాంక్ నింపుకుని టిఫిన్ చేసి బౌడారా దాటితే ఇక ఘాటే. అక్కడి నుంచి కిలోమీటర్లు లెక్కపెట్టడం మానేయాలి. టైడా దగ్గర ఆగుతాం, అనంతగిరి దగ్గర ఆగుతాం, గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఎలాగూ ఆగుతాం, అరకు వచ్చేసరికి పదిన్నర పదకొండు అయిపోద్ది, అది లేటు కాదు, అదే ట్రిప్పు. ఎండాకాలంలో కాఫీ తోటల్లోంచి వెళ్తుంటే సిల్వర్ ఓక్ చెట్ల నీడ రోడ్డు మీద చారలు చారలుగా పడుతుంది, ఆ చెట్లకే మిరియాల తీగ పాకి ఉంటుంది, మార్చి ఏప్రిల్లో ఒక వాన పడిందంటే కాఫీ కొమ్మంతా తెల్లటి పువ్వు పట్టేసి హెల్మెట్ లోపలికి కూడా మల్లెపూల లాంటి వాసన కొడుతుంది. మేలో అయితే ఆ పువ్వు ఉండదు లెండి, దాని బదులు రోడ్డు పక్కన పనసకాయలు గుట్టలుగా పోసి ఉంటాయి. రెండు తొనలు తిని బండెక్కితే ఆ జిగురు గ్లవ్స్‌కి అంటుకుని మూడు రోజులు వదలదు.

మా ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆవిడనీ పిల్లల్నీ పొద్దున్నే వైజాగ్‌లో కిరండోల్ పాసింజర్ రైలు ఎక్కించేసి నేను బండి మీద వెళ్తా. వాళ్ళు టన్నెల్స్ చూసుకుంటూ వస్తారు, అందరం అరకు స్టేషన్లో కలుస్తాం. నడుం నొప్పి ఉన్నవాళ్ళని వెనక కూర్చోబెట్టుకుని హింస పెట్టడం కంటే ఇది ఎంతో నయం.

ఇక అసలు సంగతి, మీ పేజీలో లేనిది, మధ్యాహ్నం రెండు తర్వాత ఏమవుద్దో. మే నెలలో పొద్దున్న ఎంత ఎండగా ఉన్నా సరే, మధ్యాహ్నానికి కొండల మీద మబ్బు కట్టి ఒక్కసారిగా ఉరుముల వాన దిగిపోయే రోజులు చాలా ఉంటాయి. ఆ మొదటి పావుగంట చాలా ప్రమాదం, ఎందుకంటే రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, లారీల ఆయిలు, ఎండుటాకులు అన్నీ కలిసి జారుడుబల్ల అయిపోద్ది. అందుకే మేం రెండు లోపు ఆ రోజు ప్రయాణం ముగించేస్తాం, మిగతా సాయంత్రం లాడ్జి వరండాలో వాన చూస్తూ టీ తాగడమే. లంబసింగి గురించి కూడా ఒక మాట రాయాల్సింది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుద్ది, అంతే, కింద నలభై ఉంటే పైన ముప్పై మూడు. మే నెలలో పొగమంచు కోసం స్వెట్టర్లు మూట కట్టుకుని వచ్చేవాళ్ళని నా కళ్ళతో చూశాను, పాపం చెమటలు కక్కుతూ సెల్ఫీలు దిగుతున్నారు. మంచు కావాలంటే డిసెంబరు, జనవరిలో రావాలి. అన్నట్టు మామూలుగా మేలోనే పాడేరులో మోదకొండమ్మ జాతర ఉంటుంది, ఆ రోజుల్లో రూము దొరకడం కల్ల, ముందే తేదీలు కనుక్కుని జాతర చూడ్డానికైనా వెళ్ళాలి, లేదా ఆ వారం తప్పించుకోవాలి.

ఎక్కడం అందరూ ఎక్కుతారు, దిగేటప్పుడే తెలుస్తుంది. 2009లో అనుకుంటా, నేనూ మా ఆవిడా పాడేరు ఘాట్ దిగుతున్నాం, నాది వంద సీసీ బండి, ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వేసి బ్రేకు మీద కాలు పెట్టి దర్జాగా దిగిపోతున్నా. కాసేపటికి కాలిన రబ్బరు లాంటి వాసన, ఎవరో టైర్లు తగలబెడుతున్నారు అనుకున్నా. తర్వాత మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ మొత్తం కిందకి వెళ్ళిపోయింది గానీ బండి ఆగట్లేదు. ఏం చేయాలో తోచక కొండ వైపు కాలువలోకి దింపేశా, ఇద్దరం మట్టిలో పడ్డాం, నా మోచెయ్యి గీరుకుపోయింది, ఆవిడకి చీర చిరగడం తప్ప ఏం కాలేదు, దేవుడి దయ. వెనకాలే వస్తున్న ఆర్టీసీ బస్సు ఆగింది, డ్రైవరు గారు దిగొచ్చి వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసేసుకున్నాడు, అంత వేడి. "ఏ గేర్లో ఎక్కేవో ఆ గేర్లోనే దిగాల బాబూ, బ్రేకు ఆపడానికి, గేరు దింపడానికి" అన్నాడు. బండి చల్లారేదాకా అరగంట అక్కడే కూర్చున్నాం. ఆయన పేరు కూడా అడగలేదు.

ఇప్పటి కుర్రాళ్ళకి ఇంకో విషయం. 2020లో బీఎస్6 అనే పొగ కాలుష్యం రూలు వచ్చాక బళ్ళు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షనే, అంటే కార్బరేటర్ బదులు కంప్యూటరే పెట్రోలు కొలిచి పంపుద్ది, వాటిలో గేర్లో ఉంచి యాక్సిలేటర్ వదిలేస్తే ఇంజిన్‌కి పెట్రోలు వెళ్ళడమే ఆగిపోద్ది, న్యూట్రల్‌లో పెడితేనే ఖర్చు. అంటే అప్పుడు నేను మిగుల్చుకుందాం అనుకున్న నాలుగు చుక్కల పెట్రోలు ఈ బళ్ళలో గేర్లో దిగితేనే మిగులుద్ది.

ఇంకోటి, ఇరుకు ఘాట్‌లో దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. అది మర్యాద మాత్రమే కాదు, రూలు కూడా. దిగేవాళ్ళేమో హారన్ కొట్టి మీదకి వచ్చేస్తారు, ఎక్కే లారీ ఒకసారి ఆగితే మళ్ళీ కదలడానికి ఎంత తిప్పలో వాళ్ళకేం తెలుసు. సరిగ్గా హెయిర్‌పిన్ మలుపులోనే బండి స్టాండ్ వేసి రీల్స్ తీసే బ్యాచ్ గురించి అయితే రాయకపోవడమే మంచిది, రాస్తే నోట్లోంచి బూతులొస్తాయి.

మా బామ్మర్ది అసలు కల లడఖ్ అట, వచ్చే ఏడాదికి. అక్కడా ఇదే లెక్క కదండీ, మనాలి నుంచి లేహ్ సుమారు 430 కి.మీ., మన హైవే మీద ఒక్క పగటి పని, అక్కడ మాత్రం రెండు రోజులు. పైగా మంచు కరిగి మధ్యాహ్నానికి రోడ్డుకి అడ్డంగా వాగులు పెరుగుతాయి, పొద్దున్న పాదం తడిచే చోట సాయంత్రం బండే మునుగుద్ది.

కాబట్టి ఈసారి ఇలాంటి పేజీ వేస్తే పక్కన చిన్న బాక్స్ కట్టండి సార్. ఎన్ని గంటలు పడుద్ది, ఎన్నింటిలోపు దిగిపోవాలి, బంకు ఎక్కడ (అరకులో, పాడేరులో ఉన్నాయి, ఆ మధ్యలో నమ్ముకోకూడదు), ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోద్ది, ఇవి చాలు. ఫోటో ఒకటి తగ్గినా పర్లేదు, మా ఫ్రిజ్ మీద చోటు అయిపోయింది.

మా షీట్ మార్చాం. మొదటి రోజు అరకు, రెండో రోజు పాడేరు, మూడో రోజు లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగి తాళ్ళపాలెం రోడ్లో ఇంటికి. నాలుగో రోజు ఖాళీ, బట్టలు ఉతుక్కోవడానికి అన్నాను. నిన్న రాత్రి బామ్మర్ది మళ్ళీ మెసేజ్ పెట్టాడు, నాలుగో రోజు ఎలాగూ ఖాళీయే కదా బావా, మారేడుమిల్లి ఘాట్ కూడా కలిపేద్దామా అని. ఇంకా రిప్లై ఇవ్వలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, అనకాపల్లి